నువ్వు నన్ను పిలిచేదే

మా ఆయన ఇంటింటికీ ఇంటర్నెట్ పెట్టే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే పని. నిచ్చెన ఎక్కడం, గోడకి కన్నం చెయ్యడం, వైరు లాగడం, పచ్చలైటు వెలిగాక దిగిరావడం. ఊళ్లో సగం ఇళ్లకి లైనిచ్చింది ఆయనే. మా ఇంటికి మాత్రం మొన్నటిదాకా లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. ఎప్పుడడిగినా "చూద్దాంలే" అనేవారు.

ఈసారి ఆ చూద్దాం సాగలేదు. నేను టైపు చేసే ఆఫీసు మూతపడి ఏడాదిన్నర. ఇప్పుడో కంపెనీవాళ్లు, డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని ఇంట్లోంచే టైపు చేసే ఉద్యోగం ఉందన్నారు. గురువారం పదకొండింటికి లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. ఫోను నెట్ పనికిరాదు, ఇంటికి లైనుండాలని షరతు. ఈ ఉద్యోగం నాకెందుకో ఆయనకి చెప్పలేదు. మెట్లు కూడా పక్కకి తిరిగి దిగే మోకాళ్లతో మనిషి ఇంకా నిచ్చెనలెక్కుతుంటే చూడలేకపోతున్నాను. నాకు జీతం మొదలైతే, ఆయన్ని స్టోర్‌రూములో కూర్చునే పనికి మారమని పోరుపెడదామని నా ఆశ.

బుధవారం సాయంత్రం ఆయన ఈసురోమంటూ వచ్చి, అలమర మీద వైఫై డబ్బా బిగించి, ఫోనులో ఏదో నొక్కి, బూట్లైనా విప్పకుండా కుర్చీలోనే నిద్రపోయారు. పొద్దున్నే ఏడింటికి వెళ్లిపోయారు.

పదింటికి లాప్‌టాప్ తెరిచాను. సెకండ్‌హ్యాండ్‌ది, మూత తీస్తే మూలిగే రకం. మా లైను పేరు కనిపించింది, నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. డబ్బా కింద స్టిక్కరు మీదున్నది కొట్టాను. తప్పంది. ఆయన ఫోనులో జనానికి చెప్పేదే నాకు నేను చెప్పుకుని, డబ్బా ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేశాను. తప్పే. అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆయన అనే మాట, "స్టిక్కరు మీదిదే ఉంచుకోవడమంటే తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదియ్యడం." అంటే మార్చేశారన్నమాట.

ఆయనకి ఫోను చేస్తే నాలుగోసారికి ఎత్తారు.

"ఏవండీ, పాస్‌వర్డ్ ఏంటండీ?"

"నిచ్చెన మీదున్నాను. నువ్వు నన్ను పిలిచేదే," అని పెట్టేశారు.

ఈ వయసులో ఈ సరసమొకటి అనుకున్నాను గానీ, లోపల కాస్త ముచ్చటేసింది. కూర్చుని ఏవండీ అని కొట్టాను. ఎనిమిది అక్షరాలకి తగ్గకూడదట. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవడికి తోచినట్టు వాడు రాస్తాడు, అదీ తంటా. మొదట వై పెట్టి చూశాను. చివర రెండు ఈలు పెట్టి సాగదీశాను. సరిగ్గా ఎనిమిదొచ్చాయి! అదీ తప్పంది. ఏమండీ అన్నాను. డీ పక్కన హెచ్ తగిలించాను. పెళ్లయిన కొత్తలో కూడా ఇన్నిరకాలుగా పిలవలేదు ఆయన్ని. గడియారం చూస్తే పావు తక్కువ పదకొండు.

మళ్లీ ఫోను చేశాను. పుణ్యానికి వెంటనే ఎత్తారు.

"అన్ని స్పెల్లింగులూ అయిపోయాయండీ! ఉద్యోగం పోయేలా ఉంది!"

"ఎన్నిసార్లు కొట్టావు?"

"పదిసార్లు!"

"అది కాదోయ్. ఏవండీ ఏవండీ అని రెండుసార్లు, మధ్యలో ఖాళీ లేకుండా. మొదట్లో వై లేదు, చివర ఒక్క ఐ. ఒకసారికి ఆరక్షరాలే వచ్చాయి, సరిపోలేదు. నువ్వెలాగూ రెండుసార్లు పిలుస్తావుగా."

"మొదటిసారికి పలికి చస్తేగా మీరు!"

"మొదటిది నాకు వినబడదు. ఎడమ చెవి పోయి నాలుగేళ్లయింది. నీకు చెబితే నిచ్చెన ఎక్కనివ్వవుగా." అవతల ఎవరో పిలుస్తున్నారు. "ముందు అది కొట్టు, టైమవుతోంది," అని పెట్టేశారు.

కొట్టాను. కలిసింది.

పదకొండింటికి తెరమీద ఒకావిడ నవ్వుతూ కనిపించింది. అనుభవం, వేగం అన్నీ అడిగి, ఆఖర్న కాగితం చూస్తూ, "వినికిడిలో ఇబ్బందేమీ లేదు కదండీ? ఈ పనికి చెవులే ముఖ్యం," అంది.

"నాకు లేదండీ," అన్నాను. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి, ఆయనకి పొగరనుకున్నాను, బద్ధకమనుకున్నాను, నేనంటే లెక్కలేదని మా అక్కకి చెప్పుకుని ఏడ్చాను కూడా. ఇలాంటి దాన్ని, వినే ఉద్యోగానికి బాగా పనికొస్తానని ఆవిడకి చెబుతున్నాను. సోమవారం నుంచి చేరమంది.

సాయంత్రం ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఆ కుర్చీకి వంటగది ఎడమవైపు. నేనెప్పుడూ అక్కణ్ణుంచే కేకేసేదాన్ని. ఇవాళ కాఫీ గ్లాసు పట్టుకుని ముందుగదంతా చుట్టి, కుడివైపుకి వెళ్లి నిలబడ్డాను.

"ఏవండీ," అన్నాను మెల్లగా.

చటుక్కున తల తిప్పి, నా వంక అనుమానంగా చూశారు. "ఏం, ఒక్కసారే పిలిచావు?"