సముద్రపు బురదకు చేపల ఐసు

సముద్రం అడుగు నుంచి తీసిన బురదను నేరుగా హైదరాబాద్ ల్యాబ్‌కు తీసుకెళ్లకుండా, ముందు ఇంటికని మెదక్ రావడం నా బుద్ధితక్కువ. పొద్దున బస్టాండులో చూస్తే పెట్టెలో ఐసు సగం కరిగిపోయింది. ఆ బురదలో ఎన్ని రకాల బాక్టీరియా ఉన్నాయో డీఎన్ఏతో తేల్చాలి. వేడెక్కిందా, లెక్కంతా తారుమారే. పడవలో నెలల తరబడి తిరిగిందంతా వృథా. కంగారులో నిమిషానికోసారి మూత తీసి చూస్తున్నాను.

“గట్ల మాటిమాటికి తియ్యకు బిడ్డా, సల్లదనమంత పోతది,” అంది పక్కన చేపల గంపతో కూర్చున్న పెద్దామె. “ఏం చేపలు?”

“చేపలు కాదమ్మా, సముద్రం బురద. పాడైతే నా పని ఖతం.”

ఆమె నవ్వలేదు. తన గంపలోని ఐసు తీసి, చితక్కొట్టి, దోసెడు ఉప్పు కలిపి, నా సీసాల చుట్టూ కూరింది. పైన తడి గోనెసంచి కప్పింది.

“మరి నీ చేపలకు?”

“మార్కెట్ గీడనే గద, జరసేపట్ల అమ్ముడుపోతయి. నువ్వు మాత్రం చేరేదాక మూత ముట్టకు.”

ముట్టలేదు. ల్యాబ్‌లో తెరిస్తే సీసాలు ఇంకా జివ్వుమనేంత చల్లగానే ఉన్నాయి. గుప్పుమన్న నీచు వాసనకు అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను.