ఎక్స్‌రే అత్తయ్యా, సబ్బుల ఫ్యాక్టరీ నిబంధనా

మా అత్తయ్య ఉద్యోగానికి ఎసరు పెట్టింది నేనే. కావాలని కాదు, తెలివితక్కువతనం వల్ల. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలిక.

పాత ఇనుము కరిగించి కొత్త కడ్డీలు చేసే మిల్లులో ఇద్దరం పనిచేస్తాం. ఆవిడ ఎండలో, తుక్కు యార్డులో. నేను ఆఫీసు గదిలో, ఫ్యాను కింద. లారీల్లో వచ్చే తుక్కులోంచి కొలిమికి పోవలసింది పంపడం, పోకూడనిది ఏరి గోడ పక్కన కుప్పగా వేయించడం ఆవిడ పని. మూసుకుపోయిన గొట్టమో, సిలిండరో, లోపల నీళ్ళు చిక్కుకున్న డబ్బానో కరిగిన ఉక్కులో పడితే ఒక్కసారిగా పేలుతుంది. దగ్గరున్నవాళ్ళ మీద ఎర్రటి ఉక్కు చిమ్ముతుంది. అందుకని ఆవిడ చిన్న సుత్తితో ఒక్కటిచ్చి, తల వంచి ఆ మోత వింటుంది. అనుమానం తీరకపోతే ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తుంది. మిల్లంతా ఆవిణ్ణి ఎక్స్‌రే అంటారు, ఎదురుగా మాత్రం ఎవరూ అనరు.

పెళ్ళికి ముందు మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నన్ను కూడా తల నుంచి కాలి దాకా అలాగే చూసింది. సుత్తి ఎక్కడైనా ఉందా అని నేను బల్ల కింద కూడా చూసుకున్నాను. ఎందుకో మరి, నన్ను గోడ పక్కన కుప్పలో వేయలేదు. ఎనిమిదేళ్ళయింది, ఇంకా ఏ కుప్పలో ఉన్నానో నాకు పూర్తిగా తెలీదు.

ఇలా ఉండగా, వంతెనలు కట్టే ఒక పెద్ద కంపెనీ మా మిల్లుకు ఉత్తరం రాసింది. ఇకనుంచి సర్టిఫికెట్ ఉన్న ఉక్కే కొంటారట. ఎంత కరెంటు కాల్చారు, ఎంత పొగ వదిలారు, వాడిన నీళ్ళు ఎటు పోతున్నాయి, పాత ఇనుము ఎక్కణ్ణుంచి తెస్తున్నారు, పనిచేసేవాళ్ళు ఒంటి మీద గాయం లేకుండా ఇంటికి వెళ్తున్నారా, ఇవన్నీ బయటివాళ్ళు వచ్చి చూసి, సరే అంటేనే ఆ సర్టిఫికెట్. మా మేనేజరుగారు ఉత్తరం చదివి, "కాగితమే కదా, తెప్పిద్దాం," అన్నారు. తర్వాత ఆఫీసంతా కలయజూసి, ఎవరి వేళ్ళు కీబోర్డు మీద చురుగ్గా కదులుతున్నాయో గమనించారు. ఆ రోజు నుంచి నేను సస్టైనబిలిటీ ఆఫీసర్ని, అంటే ఆ లెక్కలన్నిటికీ జవాబుదారుణ్ణి. ఆ మాట నాకు నోరు తిరగడానికే వారం పట్టింది.

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు పంపిన ప్రమాణాల పుస్తకంలో రెండు వందల పైచిలుకు ప్రశ్నలున్నాయి. ప్రతి పనికీ ఒక రాతపూర్వకమైన పద్ధతి ఉండాలట. మా దగ్గర పద్ధతులున్నాయి గానీ అవన్నీ మనుషుల చేతుల్లో ఉన్నాయి, కాగితం మీద లేవు. నాకు సబ్బుల ఫ్యాక్టరీలో ఒక స్నేహితుడున్నాడు. కిందటేడు వాళ్ళకూ ఏదో సర్టిఫికెట్ వచ్చింది. ఫోన్ చేస్తే పాపం వాళ్ళ పద్ధతుల కట్టంతా పంపించేశాడు. నేను కంప్యూటర్లో 'సబ్బు' అన్నచోటల్లా 'ఉక్కు' అని మార్చేసి, మధ్యాహ్నానికల్లా చేతులు దులుపుకున్నాను.

ఆ విధంగా మా మిల్లులో ఉక్కును తడి తగలకుండా అట్టపెట్టెల్లో సర్దాలని, ప్రతి సరుకుకూ వాసన పరీక్ష చేయాలని, తనిఖీ చేసే మనిషికి కనీసం డిప్లొమా ఉండాలని నియమాలు ఏర్పడ్డాయి. మేనేజరుగారు చదవకుండా సంతకం పెట్టారు. చదివింది ఒక్క సిబ్బంది విభాగంవాళ్ళే. వాళ్ళు చదవకుండా ఉంటే ఎంత బాగుండేదో.

మూడో రోజున అత్తయ్యకు కాగితం వచ్చింది. పద్నాలుగో పద్ధతి ప్రకారం యార్డులో తనిఖీకి డిప్లొమా కావాలి కాబట్టి, ఆ పనికి కొత్త ఇన్‌స్పెక్టర్ వస్తాడు. నాలుగో తరగతితో ఆపేసిన మా అత్తయ్య గేటు దగ్గర కొత్తగా నాటిన మొక్కలకు నీళ్ళు పోయాలి. నెలాఖరు దాకా అలా కానిచ్చి ఆ తర్వాత చూద్దామన్నారు. మా మిల్లులో చూద్దామంటే ఇక చూడరని అర్థం.

అత్తయ్యా మామయ్యా మాతోనే ఉంటారు. ఆ సాయంత్రం వంటగదిలో, భోజనాల దగ్గర, మా ఆవిడ నన్ను నిలదీసింది.

"ఏమండీ, ఆ డిప్లొమా సంగతి ఎవరు రాశారు?"

"పుస్తకంలోనే ఉంది. ప్రపంచమంతా అదే రూలు," అన్నాను.

"మీరు చూశారా?"

నేను గబుక్కున ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అత్తయ్య కంచం ముందు కూర్చుని నా వైపు తిరిగి, "పోనీలెండి అల్లుడుగారూ, మీరేం చేస్తారు! పైవాళ్ళ రూలు," అంది. తిట్టినా బాగుండేది.

అందరూ పడుకున్నాక పుస్తకం తిరగేశాను. డిప్లొమా అన్న మాట మొదటినుంచి చివరిదాకా ఎక్కడా లేదు. పని తెలిసినవారై ఉండాలి, తెలుసనడానికి ఆధారం ఉండాలి, అంతే రాసి ఉంది. పొద్దున్నే మేనేజరుగారి దగ్గరికి పరిగెత్తాను. "నాలుగు రోజుల్లో ఆడిట్ పెట్టుకుని సంతకాలైన కాగితాలు కెలుకుతావా? నోరు మూసుకుని కూర్చో," అన్నారు. మూసుకున్నాను. ఆ విషయంలో నాకు మంచి అనుభవం ఉంది.

గేటు దగ్గర మాత్రం మా అత్తయ్య నోరు మూసుకోలేదు. ఒక చేత్తో నీళ్ళ గొట్టం, ఇంకో చేత్తో సుత్తి. వచ్చిన ప్రతి లారీనీ ఆపి, చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, టార్పాలిన్ ఎత్తి చూడటం మొదలుపెట్టింది. లారీలు రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. మొక్కలు నీళ్ళలో తేలాయి. వాచ్‌మన్ వచ్చి నాతో మొరపెట్టుకున్నాడు. "మీ అత్తగారికి చెప్పండి సార్, ఆవిడ డ్యూటీ మొక్కలకే!" నేను చెప్తానన్నాను. అయితే ఎలా చెప్పాలో ఎనిమిదేళ్ళుగా నాకు తెలీలేదు.

ఆడిట్ ముందు రోజు మిల్లుకు పెళ్ళికళ వచ్చింది. రాళ్ళకు సున్నం కొట్టారు, పైపులకు ఆకుపచ్చ రంగు వేశారు. కొత్త ఇన్‌స్పెక్టర్ మంచివాడే, ఒళ్ళు దాచుకునే రకం కాదు. యార్డంతా ఊడిపించాడు. గోడ పక్కన తుప్పు పట్టిన సిలిండర్లూ, మూతపడ్డ గొట్టాలూ వికారంగా కనిపించాయి అతనికి. పోయిన నెలల్లో అత్తయ్య ఏరి పక్కన పెట్టిన సరుకంతా అదే. అదేమిటని అడుగుదామంటే ఆవిడ గేటు దగ్గరుంది. క్రేన్ పిలిపించి మొత్తం ఎత్తించి మంచి తుక్కు కుప్పలో కలిపేయించాడు. సాయంత్రానికి యార్డు అద్దంలా ఉంది. మేనేజరుగారు అతని భుజం తట్టారు.

మర్నాడు ఆడిటరమ్మ కారు గేటు దగ్గర పావుగంట ఆగిపోయింది, ఎందుకంటే ముందున్న లారీ మీద మా అత్తయ్య ఉంది. ఆడిటరమ్మ దిగి వచ్చి అడిగింది.

"మీరేం పని చేస్తారమ్మా ఇక్కడ?"

"మొక్కలకు నీళ్ళు పోస్తానమ్మా," అంది అత్తయ్య, సుత్తి కొంగు చాటుకు తోస్తూ.

ఆడిటరమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంది. లోపలికి వచ్చి, టీ కూడా ముట్టకుండా నా కట్ట విప్పింది. అట్టపెట్టెల దగ్గర కనుబొమలు లేచాయి. తర్వాత చదవడం ఆపి, "ఈ వాసన పరీక్ష ఎవరు చేస్తారు?" అని అడిగింది. మేనేజరుగారు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

అక్కణ్ణుంచి అందరం హెల్మెట్లు పెట్టుకుని యార్డుకు నడిచాం. క్రేన్ అయస్కాంతం కుప్పలోంచి తుక్కు ఎత్తి కొలిమికి పోయే పెద్ద బకెట్‌లో పోస్తోంది. ఆడిటరమ్మ నాలుగు వైపులా చూసింది.

"ఏరేసిన సరుకు ఎక్కడ పెడతారు?"

"మా దగ్గర ఏరేయాల్సిందే ఉండదు మేడమ్! వచ్చేదంతా మేలైన సరుకే," అన్నారు మేనేజరుగారు, ఛాతీ పొంగిస్తూ.

"గోడ పక్కన కాస్త ఉండేది సార్. నిన్ననే కుప్పలో కలిపించేశాను," అన్నాడు కొత్త ఇన్‌స్పెక్టర్ సంతోషంగా.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నిండబోతున్న ఆ బకెట్ వైపు చూశాను. నోరు మూసుకోవడంలో ఇన్నేళ్ళ అనుభవమూ ఎటు పోయిందో గానీ, హెల్మెట్ చేత పట్టుకుని గేటు దాకా ఒకటే పరుగు.

"అత్తయ్యా! గోడ పక్క కుప్ప మంచి తుక్కులో కలిపేశారు! బకెట్ నిండుతోంది!"

ఆవిడ నీళ్ళ గొట్టం అక్కడే వదిలేసింది. యాభై ఆరేళ్ళ మనిషి నా కంటే ముందు యార్డుకు చేరింది. క్రేన్ క్యాబిన్ ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "ఆపరా!" అని ఒక్క అరుపు అరిచింది. క్రేన్ ఆపరేటర్ మేనేజరుగారి వైపు కూడా చూడలేదు. ఠక్కున ఆపేశాడు.

"ఏంటమ్మా ఇది! ఆడిట్ జరుగుతోంది!" అన్నారు మేనేజరుగారు.

"ఆడిట్ అయ్యేదాకా కొలిమి ఆగుతుందా సార్? బకెట్ వంచమనండి."

ఆడిటరమ్మ వంచమంది. బకెట్‌లో తుక్కంతా నేల మీద పరిచారు. అత్తయ్య వరసగా కొట్టుకుంటూ పోయింది. టంగ్, టంగ్, టంగ్. ఒకచోట డబ్ మంది. రెండు చివర్లూ నొక్కుకుపోయిన చిన్న గొట్టం. తీసి ఆడిటరమ్మ చేతికిచ్చి ఊపమంది. లోపల నీళ్ళు గలగలలాడాయి. ఆడిటరమ్మ దాన్ని పసిబిడ్డను దించినంత మెల్లగా కింద పెట్టింది. ఈలోగా అత్తయ్య ఒక సిలిండర్ మూతి దగ్గర వాసన చూసి, పక్కకు నెట్టేసింది.

"అయితే వాసన పరీక్ష మీరే చేస్తారన్నమాట!" అంది ఆడిటరమ్మ. నా పద్ధతుల కట్టలో నిజమైన మాట అదొక్కటే, అదీ సబ్బులవాళ్ళది.

"ఎన్నేళ్ళుగా చేస్తున్నారు? ఎవరు నేర్పారు మీకు?"

"ఇరవై రెండేళ్ళు. ఎవరూ నేర్పలేదమ్మా," అంది అత్తయ్య, సుత్తి చేతులు మార్చుకుంటూ. "మా ఆయన ఇక్కడే కొలిమి దగ్గర చేసేవాడు. ఇలాంటి గొట్టమే ఒకటి లోపలికి పోయింది. మనిషి దక్కాడు, రెండు చెవులూ పోయాయి. ఆ వేళ అది నా చేతికి తగిలి ఉంటే అనుకునేదాన్ని. అనుకుంటూ కూర్చుంటే ఏమొస్తుందని, వచ్చి ఈ పనిలో చేరా."

ఎనిమిదేళ్ళుగా మామయ్య చెవిలో నేను గట్టిగా అరుస్తూనే ఉన్నాను. వయసు అనుకున్నాను. ఒక్కసారైనా ఎందుకు అని అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆడిటరమ్మ మా వైపు తిరిగింది. "పని తెలిసిన మనిషికి ఇరవై రెండేళ్ళ ఆధారం ఉంటే మొక్కల దగ్గర పెట్టారు. ఈ డిప్లొమా నిబంధన ఎవరు రాశారు?"

మేనేజరుగారు ఆకాశం చూశారు. అత్తయ్య అక్కడే ఉంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అయినా చెయ్యి ఎత్తాను.

"నేనే మేడమ్. సబ్బుల ఫ్యాక్టరీ నుంచి తెచ్చాను. పుస్తకంలో లేదు."

అత్తయ్య నన్ను చూసింది. మళ్ళీ అదే చూపు, తల నుంచి కాలి దాకా. వంగి ఇంకో గొట్టం మీద సుత్తి వేసింది.

సర్టిఫికెట్ ఆ రోజు రాలేదు. తొంభై రోజుల గడువిచ్చి, మూడు షరతులు పెట్టి వెళ్ళింది ఆడిటరమ్మ. నిజంగా జరిగే పనినే కాగితం మీద పెట్టాలి. ఈవిడ తిరిగి యార్డులో ఉండాలి. ఈవిడ ఇంకో ఇద్దరికి పని నేర్పి, నేర్చుకున్నారో లేదో పరీక్షించి సంతకం పెట్టాలి. అత్తయ్య ఆ మధ్యాహ్నమే యార్డుకు వెళ్ళిపోయింది. నేర్చుకోవలసిన ఇద్దరిలో ఒకడు కొత్త ఇన్‌స్పెక్టర్. రెండోవాణ్ణి నేను. తెలీకుండా రాసినవాడు తెలుసుకుని రాస్తాడులే అన్నారు మేనేజరుగారు, మొహం మాడ్చుకుని.

నెల తర్వాత పరీక్ష. అత్తయ్య ఇరవై ముక్కలు వరసగా పేర్చింది. కొలిమికి పోకూడనివి ఏరాలి. కొత్త ఇన్‌స్పెక్టర్ ఐదు ఏరి పాసయ్యాడు. నేను నాలుగు ఏరి, చేతులు తుడుచుకుని నిలబడ్డాను.

అత్తయ్య ఒక గొట్టం ఎత్తింది. "ఇది చూశారా అల్లుడుగారూ?"

"చూశానత్తయ్యా. ఒక పక్క తెరిచే ఉంది కదా!"

సుత్తి వేసింది. డబ్. తెరిచి ఉన్న పక్క లోతున మట్టి బిగుసుకుపోయి ఉంది.

ఫారం నేనే నింపాలి. ఫలితం అన్న గడి దగ్గర కలం పట్టుకుని ఆగాను. సొంత అల్లుణ్ణి, చెయ్యెత్తి నిజం ఒప్పుకున్నవాణ్ణి, ఆ మాత్రం చూసీచూడనట్టు పోదా అనుకున్నాను.

"తప్పాడని రాయండి," అంది.

"ఒక్కటే కదత్తయ్యా పోయింది!"

"మీ మామయ్య కొలిమిలో పడిందీ ఒక్కటే."

తప్పాడని రాశాను. ఆవిడ కలం తీసుకుని, నాలుగో తరగతి అక్షరాలతో నెమ్మదిగా, కింద సంతకం పెట్టింది.