అక్క కాలి బలం

మా అక్క పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి రాయబోతే పెద్ద పెద్ద మాటలు ముందుకొస్తాయి. వాటిని నేను నమ్మను. ఒక పొద్దుటి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాయగలను.

ఝరాసంగం దగ్గరి ఊళ్లో ఆమె ఒక్కతే సేద్యం చేసేది. షేర్ ఆటో దిగుతూ పడి కుడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశాక నాలుగు నెలలు జహీరాబాద్‌లో మా ఇంట్లోనే ఉంది. వాకర్ పట్టుకుని వంటింటి దాకా నడిచేది. అంతలో కంది కోతకొచ్చింది. ఆలస్యమైతే కాయ చిట్లి గింజ నేలపాలవుతుంది. చేను గట్ల మీద వాకర్ నడవదు. దాన్ని వదిలి చేతికర్ర పట్టవచ్చో లేదో చెప్పాల్సింది ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి.

ఆ పొద్దున ఆ అమ్మాయి కాలి బలం కొలిచే యంత్రం ఒకటి తెచ్చింది, అరచేతిలో ఇమిడేది. ఒక వైపు మెత్త, ఇంకో వైపు అంకెలు. అక్క మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది. అమ్మాయి నేల మీద కూర్చుని, యంత్రాన్ని చీలమండకు కాస్త పైన ఆనించి రెండు చేతులా పట్టుకుంది. కాలు చాపుతూ దాన్ని తొయ్యాలి. విరిగిన కాలు ఇరవై కిలోల బలంతో తోస్తే చేతికర్ర చాలని చెప్పింది.

ఆరు వచ్చింది. మళ్లీ ఆరే. బాగున్న కాలికి ఎనిమిది. రెండు కాళ్లూ నీరసించాయి, ఇంకో నెల వాకర్ తప్పదంటూ అమ్మాయి కాగితం తీసింది.

నాకు ఆ ఎనిమిది మీద నమ్మకం కుదరలేదు. నాలుగు నెలలుగా ఆమె బరువంతా మోసింది ఆ కాలే. నిజంగా తోశావా అని అడిగాను.

"ఆడపిల్ల చెయ్యి అది తమ్మీ. నా బిడ్డ ఈడు పిల్ల. కాలుతోని ఎట్ల తన్నాలె?"

అమ్మాయి నవ్వలేదు. తనకేం కాదని రెండుసార్లు చెప్పి చూసింది. అక్క ఒప్పుకోలేదు. అప్పుడు అమ్మాయి సంచిలోంచి పట్టీ తీసి, ఒక కొస ఇనుప మంచం కోడుకు కట్టి, రెండో కొస అక్క చీలమండ చుట్టూ తిప్పి, యంత్రాన్ని పట్టీకీ కాలికీ మధ్య ఉంచి, చేతులు తీసేసింది.

"ఇగ మంచాన్ని తన్నున్రి పెద్దమ్మా."

"మంచమైతే తంత. మా తమ్మునిదే కద."

నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. ముందు బాగున్న కాలు. మంచం గచ్చు మీద కిర్రుమని జరిగింది. నా ఒళ్లు ఊగింది. ముప్పై నాలుగు. అమ్మాయి నన్ను మంచం మధ్యకు జరిగి గట్టిగా కూర్చోమంది. తర్వాత విరిగిన కాలు. అక్క పెదవి బిగించింది. మోకాలి పైన, కుట్ల మచ్చ పక్కన, కండ తాడులా లేచింది. పద్దెనిమిది. కాసేపు ఆగి మళ్లీ తోసింది. ఇరవై మూడు.

శరీరం గురించి చాలా పుస్తకాలు చదివాను. విరిగి అతికిన కాలిలో అంత బలం దాగి ఉండటం, ఒక పిల్ల చేతిని నొప్పించకూడదని ఆమె దాన్ని ఆరు దగ్గరే ఆపేయటం, రెండూ నాకు కొత్త. ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అమ్మాయి చేతికర్రకు రాసిచ్చింది. అక్క మర్నాడే ఊరికి పోయింది. మూడు రోజులకు నేను వెళ్లేసరికి కర్రను సాలు మట్టిలో గుచ్చి, వంగి కంది కోస్తోంది. గట్టు మీదే ఆగిపోయాను. సగం చేను అప్పటికే కోసేసింది.