డేగబండ మీద ఊదు పొగ

లక్ష్మీరాజానికి సాంచె చప్పుడంటే ఒళ్లు మంట. సాంచె అంటే సిరిసిల్లలో మరమగ్గం. దాని ముందు నిలబడి నిలబడి తండ్రికి చెవులు పోయాయి, అన్నకు దగ్గు పట్టుకుంది. అందుకే ఆదిలాబాద్ అడవిలో గార్డు ఉద్యోగం వచ్చిన రోజున లక్ష్మీరాజం ఖాకీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నుంచి కదల్లేదు. చచ్చినా మళ్లీ ఆ రేకుల షెడ్డు తొక్కనని వాడకట్టంతా వినేలా చెప్పి మరీ బస్సెక్కాడు.

ఖాకీ చొక్కా తొడుక్కున్నవాడు ఎలా తయారవుతాడో అలాగే తయారయ్యాడు. కట్టె విరిస్తే కేసు, మేక దూరితే జరిమానా. ఒక ఎండాకాలం యాదవ్వ అనే ముసలామె ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులు కాలబెడుతుంటే పట్టుకున్నాడు.

“ఆకు కాలితెనే పువ్వు కనబడ్తది సారూ. మా అవ్వ నాటి నుంచి గిట్లనే” అంది యాదవ్వ.

“అడివిల అగ్గి పెడితె కేసే. సట్టానికి అవ్వ లేదు, బాపు లేడు” అన్నాడు లక్ష్మీరాజం. ఆమెతో వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ మాట భలే కుదిరిందని చాలాకాలం కనిపించిన వాడికల్లా చెప్పుకున్నాడు.

అతను కాపలా కాసే బీటులోనే డేగబండ ఉంది. వాగు అక్కడ బండ అంచు దాటి లోతైన మడుగులోకి పడుతుంది. అంచు కింద రాతికి తేనెతుట్టెలు నల్లగా వేలాడుతుంటాయి. పశువులు కూడా ఆ అంచు దగ్గరికి పోవు. పోవడానికి మనుషులే కావాలి. బొగ్గుబావుల శ్రీరాంపూర్ నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చే కుర్రాళ్లు మొదట్లో బుద్ధిగా స్నానాలు చేసి పోయేవారు. ఆ తరువాత ఒకడు సగం ఎత్తు నుంచి దూకాడు. అది చూసి ఇంకొకడికి పౌరుషం పొడుచుకొచ్చి ఏకంగా అంచు మీద నుంచే దూకాడు. ఇక ఆదివారం వస్తే చాలు, దూకేవాడొకడు, ఈలలు వేసేవాళ్లు పదిమంది. లక్ష్మీరాజం దారికి అడ్డంగా ముళ్లకంప వేస్తే లాగి వాగులో పారేశారు. అడవిలో జొరబడ్డారని కేసు రాస్తే నవ్వుతూ జరిమానా కట్టి, అతని కళ్లముందే మళ్లీ దూకారు. గొడ్డలికి సెక్షన్ ఉంది, గొర్రెకు సెక్షన్ ఉంది, బుద్ధి లేక బండ మీద నుంచి దూకేవాడికి ఏ సెక్షనూ లేదు. ఏం చేయమంటారని పై ఆఫీసుకు రాస్తే, నచ్చజెప్పమని జవాబు వచ్చింది.

చివరికి ఒక కుర్రాడు మడుగులో రాతికి తల తగిలి చనిపోయాడు. నచ్చజెప్పమన్న ఆఫీసు అప్పుడు నిద్ర లేచి, నీ బీటులో ఎలా చచ్చాడంటూ లక్ష్మీరాజాన్ని సస్పెండ్ చేసింది. కొన్ని నెలలు అన్న పక్కన సాంచె నడిపాక, తిరిగి ఉద్యోగంలోకి తీసుకుంటూ డివిజన్ ఆఫీసరు ఒక్కటే మాట అన్నాడు.

“ఇంకొక్కడు సచ్చిండంటె నువ్వు మల్ల సిరిసిల్లకే.”

ఆ మాట లక్ష్మీరాజం గుండెల్లో రాయిలా ఉండిపోయింది. ఎవడు డేగబండ వైపు చూసినా అతనికి సాంచె చప్పుడే వినిపించేది.

తొంభై మూడులో జగన్మోహన్‌రావు దిగాడు. జమ్మికుంటలో పత్తి మిల్లున్న దొరగారి కొడుకు. హైదరాబాదులో ఏదో క్లబ్బు పెట్టి, జీపుల నిండా తాళ్లు, హెల్మెట్లు, స్నేహితులను వేసుకుని వచ్చాడు. నడుముకు తాడు కట్టుకుని బండ మీద నుంచి వేలాడుతూ దిగుతాడట. బొగ్గుబావి కార్మికుల పిల్లలు దూకితే పిచ్చి, దొరకొడుకు వేలాడితే సాహస క్రీడ. అందుకే పై నుంచి అనుమతి రావడమే కాదు, పూలదండ పట్టుకుని డివిజన్ ఆఫీసరే ప్రారంభోత్సవానికి వచ్చాడు.

“సార్, తాడు తెగితె?” అని లక్ష్మీరాజం భయపడుతూ అడిగాడు.

“తెగితె నువ్వున్నవ్ గద, చూస్కో” అన్నాడు ఆఫీసరు.

తెగిన తాడును గార్డు ఎలా చూసుకుంటాడో ఆయనే చెప్పాలి. లక్ష్మీరాజానికి చేతనైంది ఒక్కటే. సాంచె మీద నూలు చుట్టిన కొత్త బీము ఎక్కించిన రోజున ఊదు వెయ్యనిదే తండ్రి స్విచ్చి నొక్కేవాడు కాదు. ఊదు మరిచిన రోజే సాంచె చెయ్యి కొరుకుతుందని ఆయన నమ్మకం. కొడుకు సాంచెను వదిలాడు గానీ ఆ నమ్మకాన్ని వదల్లేదు. మూకుడులో కట్టెలు రాజేసి, నిప్పులు ఎర్రబడ్డాక సరిగ్గా తాడు దిగే చోట అంచు మీద పెట్టి, గుప్పెళ్లతో ఊదు చల్లాడు. కళ్లు మూసుకుని మొక్కాడు. మొక్కింది తాడుకు వేలాడేవాడి కోసం కాదు, తన నౌకరీ కోసం.

జగన్మోహన్‌రావు తాడు పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. గాలి అంచు మీద నుంచి కిందికి కొడుతోంది. రోజూ చూసే తేనెతుట్టెలు ఆ భయంలో అతనికి గుర్తే రాలేదు. పొగ తిన్నగా వాటి మీదికే దిగింది.

మరుక్షణం బండంతా లేచినట్టు తేనెటీగలు లేచాయి. సాహసవీరులు హెల్మెట్లు పారేసి వచ్చిన దారిన పరుగెత్తారు. ఆఫీసరు దండతో సహా జీపులో దూరి అద్దాలు ఎక్కించుకున్నాడు. సగం దారిలో వేలాడుతున్న జగన్మోహన్‌రావు మాత్రం “అవ్వో!” అని అరిచి, కొక్కెం విప్పుకుని మడుగులో పడ్డాడు. అతను చేసిన సాహసం ఏదైనా ఉంటే అదొక్కటే. లక్ష్మీరాజం ఈగల మధ్య నుంచే కిందికి ఉరికి, జుట్టు పట్టుకుని అతన్ని ఒడ్డుకు లాగాడు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది గానీ ప్రాణం ఉంది. చావు జరగలేదు, నౌకరీ నిలిచిందని లక్ష్మీరాజం తన వాపుల్లోనే నవ్వుకున్నాడు.

ఈగలు సర్దుకున్నాక ఆఫీసరు జీపు దిగాడు. దొరకొడుకు అంతలా ఉబ్బితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

“ఎవల్రా గీడ అగ్గి పెట్టింది?”

“ఊదు సార్... దేవునికి...”

“రిజర్వు అడివిల అగ్గి పెట్టుడు నేరమని నీకెర్కలేదా? రాయి కేసు. నీ చేతిరాత మంచిగుంటది, నువ్వే రాయి.”

లక్ష్మీరాజం రాశాడు. డేగబండ మీద ఇన్నేళ్లకు దొరికిన ఒకే ఒక్క సెక్షన్ కింద తన పేరు, తండ్రి పేరు, ఊరు సిరిసిల్ల అని రాశాడు. సాక్షి కావాలన్నాడు ఆఫీసరు. జీపులను చూడ్డానికి వచ్చి చెట్టు కింద కూర్చున్న ఆడమనిషిని పిలిపించాడు. ఆమె యాదవ్వ.

యాదవ్వ వేలికి సిరా రాసుకుంటూ లక్ష్మీరాజం ముఖంలోకి చూసింది.

“మీ బాపు నాటి నుంచి గిట్లనేనా సారూ?” అంది.

అతను వేలు పెట్టాల్సిన చోటు చూపించాడు.

నౌకరీ పోయి ఆ వారంలోనే సిరిసిల్ల బస్సెక్కాడు. డేగబండ దగ్గర ఆఫీసు వాళ్లు కొత్త బోర్డు పాతారు. ఇక్కడ నిప్పు రాజేయరాదని మాత్రమే దాని మీద రాసి ఉంది. శ్రీరాంపూర్ కుర్రాళ్లు దూకే ముందు చొక్కాలు విప్పి ఆ బోర్డుకే తగిలిస్తున్నారు.