జానెడు సందు

హనుమాన్ జంక్షన్‌లోని మా షెడ్డులో మొన్న ఒక జీపు కింద పడుకుని బండి బరువు మోసే కమాన్ కట్టలు కొత్తవి బిగిస్తుంటే, గ్రీజు కంపులోంచి మామిడి సొన వాసన తగిలింది. సీటు కింద ఎవరో వదిలేసిన కాయ చితికింది. ఆ జీపు, ఒకప్పుడు మా తోట కాయ కొన్న కోటయ్య కొడుకుది.

విస్సన్నపేట దగ్గర మా మామిడితోట. ఎండాకాలమంతా వరిగడ్డిలో చిన్నరసాలు మగ్గుతుంటే, సొనకి పొక్కిన మూతులతో మేం పిల్లలం చేతులు మోచేతుల దాకా గడ్డిలోకి దూర్చి మెత్తబడిన పండు కోసం తడుముతుండేవాళ్లం, నాయనమ్మ చాపల మీద తాండ్ర పూసి, కాకుల్ని తోలే పని మాకు అంటగట్టి, కాపురానికొచ్చిన ఏడు తాను నాటుకున్న చెట్టు నీడన ఒత్తిగిలి పడుకునేది.

కాయ అమ్మకం లోడు లెక్కన. వ్యాపారి కోటయ్య బండిలో కాయ పోస్తుంటే బరువుకి బాడీ దిగేది. వెనక టైరుకీ బాడీకీ మధ్య సందు నాన్న చేతి జానెడుకి దిగితే లోడు నిండినట్టే.

ఒక ఏడు లోడ్లు తగ్గాయి, మరుసటి ఏడు కూడా అంతే. చెట్లు ముసలివై కాపు తగ్గిందనుకుని నాన్న పాతవి కొట్టించాడు. మొదట పడింది నాయనమ్మ చెట్టే. ఆవిడ చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత కోటయ్య బండి మా తోటలోనే చెడింది. కట్టలు విప్పిన మెకానిక్కు, "కమాన్ పట్టీలు ఎక్కువేయించి ఇంత ఎత్తు లేపారేంటండీ?" అన్నాడు. ఖాళీ బండి ఎత్తు మేమెప్పుడూ కొలవలేదు. అది జానెడు సందుకి దిగేదాకా మా కాయ అదనంగా మింగుతూనే ఉంది; తగ్గింది లోడ్లే, కాపు కాదు.

"నా చెట్టు తెచ్చివ్వు కోటయ్యా," అంది నాయనమ్మ.

"ముసలిదైపోయిందిలేమ్మా, ఎలాగూ కాసేది కాదు," అని నవ్వాడతను. ఆ నవ్వుని నేను క్షమించలేదు, క్షమించను.

ఇప్పుడు కోటయ్య కొడుకు, తన జీపు బాగా ఎత్తు లేవాలన్నాడు. టైరులో గాలిని నమ్మకూడదు గనక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా టేపు పట్టి, పని మొదలుపెట్టకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి కొలిచాను. నాలుగంగుళాలు లేచింది. సాయంత్రం కొడుకు వెంట కోటయ్యా వచ్చాడు. మోకాలు అరిగిపోయిన అతని కాలు ఎంత ఎత్తినా జీపులోకి అందలేదు.

"ఏంటయ్యా ఇంత లేపావు? నా కాలు లేవట్లేదు."

"ముసలిదైపోయింది లెండి, ఎలాగూ లేచేది కాదు."

అతను నా మొహంలోకి చూసి, "నువ్వు ఆ తోట వాళ్ల అబ్బాయివా?" అన్నాడు. కొడుకు ఏమీ అర్థంకాక, స్టూలేదైనా ఉంటే ఇవ్వమన్నాడు.

ఇప్పుడు కాయంతా కాటా మీదే తూస్తున్నారు, జానతో కొలిచేవాళ్లు లేరు. నాన్న లేడు, నాయనమ్మ లేదు, ఆ చెట్టు పండు రుచి నా నాలుకకే సరిగా గుర్తు లేదు. షెడ్డులో స్టూలు ఉంది. దాన్ని లాక్కుని నేను కూర్చున్నాను.