ముఖం అక్కర్లేని ఉద్యోగం

లోహిత మా ఇంట్లో గది చూసుకోవడానికి వచ్చిన రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న, "వంటొచ్చా అమ్మా?" అని.

"పప్పు, అన్నం, కోడిగుడ్డు. మిగతావి రావు ఆంటీ" అంది.

మా ఆయన రామమోహన్ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఆమె ఛలోక్తి విసరలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మా అమ్మాయి పై చదువుకు వెళ్ళాక ఐర్లండ్‌లో కార్క్ ఊరి పక్కనున్న బాలింకాలిగ్‌లోని మా ఇంట్లో ఆ గది ఖాళీగా పడి ఉంది. అద్దెకిస్తే నాలుగు మాటలు మాట్లాడే మనిషి దొరుకుతుందని నా ఆశ. నేను తెనాలిదాన్ని, మాట నా కడుపులో ఆగదు. లోహితది హనుమకొండ. ఆ పిల్లకు అవసరం లేని మాట బయటకు రాదు. దొరక్క దొరక్క దొరికిన మనిషి ఇలాంటిది దొరికిందేమిటా అని మొదటి నెలంతా విసుక్కున్నాను. తర్వాత అలవాటైంది. అబద్ధం చెప్పని మనిషి ఇంట్లో ఉంటే కూర బాగుందో లేదో కచ్చితంగా తెలుస్తుంది. ఆ సుఖం మా ఆయనతో ఇన్నేళ్ళ కాపురంలో నాకు దక్కలేదు.

లోహిత బయోటెక్నాలజీలో మాస్టర్స్ చేయడానికి కార్క్ వచ్చింది. చదువులో ఏ ఇబ్బందీ పడలేదు, ఇబ్బందంతా ఉద్యోగాలతోనే. మొదట ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరింది. పరీక్షలు బాగా చేసేది. కానీ పెద్ద హాల్లో అందరి మధ్యా కూర్చోవాలి, ప్రింటర్ల మోత, ట్యూబులైట్ల జివ్వుమనే చప్పుడు. పైగా పొద్దున్నే వాతావరణం గురించీ వారాంతం గురించీ కబుర్లు చెప్పాలి. "వీకెండ్ ఎలా గడిచింది?" అని అడిగితే ఆ పిల్ల నిజంగానే మొదలుపెట్టి ఆదివారం రాత్రి దాకా చెప్పేది. వినేవాళ్ళకు కావలసింది బాగుందనడానికి ఇక్కడివాళ్ళు వాడే "గ్రాండ్" అనే ఒక్క మాట. జట్టులో కలవడం లేదని కాంట్రాక్టు పొడిగించలేదు.

అప్పుడు లోహిత అన్నగారు రంగంలోకి దిగాడు. పేరు జితేంద్ర, డబ్లిన్‌లో శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మన పిల్లలు ఎంసెట్‌కి ఎలా తయారవుతారో చెల్లెల్ని ఇంటర్వ్యూకి అలా తయారు చేశాడు. ప్రశ్నలకు జవాబులు రాసిచ్చి బట్టీ పట్టించాడు. ఎక్కడ నవ్వాలి, ఎప్పుడు కళ్ళలోకి చూడాలి, ఎంతసేపు చూడాలి, అన్నీ నేర్పించాడు. పెళ్ళిచూపులకు కూడా ఇంత సన్నాహం ఉండదు. లోహిత తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. డబ్లిన్‌లోని ఆ కంపెనీవాళ్ళెంత ముచ్చటపడ్డారంటే, ఇంత బాగా మాట్లాడే అమ్మాయి కస్టమర్లతోనే ఉండాలని ఫోన్ల విభాగంలో వేశారు. రోజంతా ఫోన్లు. మధ్యాహ్నం భోజనం టాయిలెట్‌లో తలుపు గడియ వేసుకుని తినేదట. ప్రొబేషన్ కూడా పూర్తి కాకుండానే ఆ ఉద్యోగం పోయింది.

తిరిగి కార్క్ వచ్చి, ఊరికే ఉండకూడదని, మనవాళ్ళ సరుకుల దుకాణంలో చేరింది. "ఈ మామిడిపళ్ళు పుల్లగా ఉన్నయి, కొనకండి" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. అక్కడ ఎన్నాళ్ళు ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా ఇంటికి వచ్చేనాటికి ఆ పిల్లలో ఏడుపు కూడా మిగల్లేదు. కిటికీ దగ్గర కూర్చుని చల్లారిన టీ తాగేది. "బాధగా ఉందా అమ్మా?" అంటే కాసేపు ఆలోచించి, "ఏమనిపిస్తలేదు ఆంటీ. కాలు తిమ్మిరెక్కినట్టు ఉంది, కాకపోతే అంతటా" అనేది. నేనే జీపీ దగ్గరకు, అంటే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ ఒక సైకాలజిస్టు దగ్గరకు పంపింది. చాలా కాలం ఎదురుచూశాక, ఆటిజం అని తేలింది. ముప్పై దాటిన పిల్లకు అప్పుడు చెప్పారు. జితేంద్ర ఫోన్లో అన్న మాట నేను పక్కనుండి విన్నాను. "అందరికీ ఎంతో కొంత ఉంటది. ఈ ముచ్చట ఎక్కడా అనకు. ఆఫీసులో అసలే అనకు. సంబంధాలు చూస్తున్నం." లోహిత సరే అంది. ఆ పిల్ల సరే అంటే సరే, రాతి మీద గీత. నాకు ఒళ్ళు మండింది కానీ, అన్నాచెల్లెళ్ళ మధ్య దూరడానికి నేనెవర్ని?

దేవుడున్నాడని ఆ తర్వాతి ఉద్యోగం చూశాక ఒప్పుకున్నాను. ఊరికి అవతల ఒక ఫ్యాక్టరీ. గుండెలోకి ఎక్కించే సన్నటి గొట్టాలు తయారు చేస్తారు. వాటి మీద గీతలూ బుడగలూ ఉన్నాయేమో భూతద్దంలో చూడటం లోహిత పని. క్లీన్‌రూమ్ అంటారు, దుమ్ము కణం దూరకూడని గది. తల నుంచి కాలి దాకా తెల్లటి సూటు, ముసుగు, మాస్కు, గ్లవ్స్. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. సెంటు వాసన ఉండదు. కబుర్లకు వీల్లేదు. అక్కడ నవ్వినా ఎవరికీ తెలియదు, నవ్వకపోయినా తెలియదు. మిగతావాళ్ళు సూటు విప్పగానే హమ్మయ్య అనుకుంటారట. మా పిల్ల వేసుకోగానే హమ్మయ్య అనుకునేది.

"అక్కడ ముఖంతో పని లేదు ఆంటీ" అని నాకు చెప్పింది. వచ్చాక మొదటిసారి తనంతట తాను చెప్పిన మాట అది.

చదివిన చదువుకు అది చిన్న ఉద్యోగమేనని జితేంద్ర రుసరుసలాడాడు. లోహిత పట్టించుకోలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ప్రొబేషన్ దాటి అక్కడే ఉండిపోవడం. ఇదీ పోతే మళ్ళీ ఇంకోచోట మొదలుపెట్టే ఓపిక లేదని తేల్చి చెప్పింది. ఆ ప్రొబేషన్ చివరి వారాల్లో వాళ్ళమ్మ గిరిజాకుమారిగారు హనుమకొండ నుంచి దిగారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. పెట్టె నిండా సకినాలు, ఊరగాయలు, వాటితోపాటు గుళ్ళో పూజ చేయించిన ఎర్ర దారం. వచ్చిన మర్నాడే కూతురి చేతికి మూడు ముళ్ళు వేసి గట్టిగా కట్టింది.

"ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదాంక తియ్యకు బిడ్డా" అంది.

మనలో ఎవరికైనా తెలిసిన సంగతే కదా. అమ్మ దారం కడితే ఊఁ అనాలి. ఆఫీసు గేటు దగ్గర తీసి జేబులో వేసుకోవాలి. ఇంటికొచ్చే దారిలో మళ్ళీ తగిలించుకోవాలి. ఎవరూ నేర్పరు, అందరికీ వస్తుంది. వాళ్ళమ్మకు క్లీన్‌రూమ్ నియమాలు తెలియవు. నేనా పూట దంతాల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. లోహిత పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుని మధ్యాహ్నం షిఫ్టుకు బస్సెక్కి వెళ్ళిపోయింది.

నేను ఇంటికొచ్చి, నాకూ వాళ్ళమ్మకూ టీ కోసమని ప్రెస్‌లోంచి కప్పులు తీస్తుండగా ఫోన్ మోగింది. అలమారను ప్రెస్ అనడం నాకు ఈ దేశం అంటించిన జబ్బు. ఫోన్ చేసింది ఫెబి, లోహిత పైన సూపర్‌వైజరు, కొట్టాయం నుంచి వచ్చిన మలయాళీ అమ్మాయి. అత్యవసరానికి లోహిత నా నంబరే ఇచ్చింది.

"సూటు వేసుకునే గదిలో నిలబడి ఉందండీ" అంది ఫెబి. "చేతికి దారం ఉంది, లోపలికి రానివ్వడానికి లేదు. తియ్యమంటే తియ్యదు. ఇంటికి వెళ్ళమంటే షిఫ్టు వదలకూడదు అంటుంది. కత్తెర ఇస్తే చూస్తూ నిలబడింది. మీరొకసారి రండి."

వాళ్ళమ్మను కారెక్కించుకుని వెళ్ళాను. దారంతా ఆవిడ, "ఒంట్లో బాగలేదేమో, ఎండ తగల్లేదేమో" అంటూనే ఉంది. కార్క్‌లో ఎండ తగలకపోవడం ఒక రోగమైతే ఊరంతా ఆస్పత్రిలోనే ఉండాలి.

లోహితను రిసెప్షన్ పక్కన చిన్న గదిలో కూర్చోబెట్టారు. ముఖంలో ఏమీ లేదు. చెయ్యి మాత్రం బల్ల మీద చాపి ఉంది, తనది కానట్టు. సంగతేమిటో గిరిజాకుమారిగారికి ఫెబి ఇంగ్లీషులో వివరించింది.

"గ్లవ్ కింద కనపడదు కదా" అంది గిరిజాకుమారిగారు.

"దాచుకుని వెళ్ళేవాళ్ళు ఉన్నారండీ. ఈమె దాచలేదు, తనే వచ్చి చూపించింది" అంది ఫెబి. తర్వాత లోహిత వైపు తిరిగింది. "పైవాళ్ళు నన్ను అడుగుతారు. నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావు. చెప్పిన మాట వినలేదు అని చెబితే ఇక్కడితో ముగిసిపోతుంది. ఇంకేదైనా కారణం ఉంటే చెప్పు. నాకు తెలియాల్సింది ఏమైనా ఉందా?"

లోహిత నోరు విప్పేలోపే వాళ్ళమ్మ అందుకుంది. "జ్వరమండీ. పొద్దుటి నుంచీ ఉంది. ఇంకేం లేదు. మా అమ్మాయి నార్మల్. చాలా నార్మల్."

ఎదురుగా ఉన్నది ఐరిష్ మనిషైతే ఆవిడ అంత కంగారు పడేది కాదు. తెల్లవాళ్ళకు తెలిస్తే తెలిసిందే, వాళ్ళు వచ్చి మన పెళ్ళిళ్ళలో చెప్పరు. ఫెబి మనదేశపు పిల్ల. ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనే మన గుంపులో మలయాళీలకూ తెలుగువాళ్ళకూ ఎడం ఎంత?

అసలు నిజం నా నాలుక దాకా వచ్చింది. ఆ మాట చెప్పే హక్కు ఆ గదిలో ఒక్క లోహితకే ఉందని పంటి బిగువున ఆగాను. ఆగడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

"నాకు జ్వరం లేదు" అంది లోహిత ఇంగ్లీషులో. గొట్టం మీద గీత ఉందని చెప్పే గొంతు. "నాకు ఆటిజం ఉంది. దారం తియ్యొద్దని అమ్మ చెప్పింది. దారంతో రావద్దని మీరు చెప్పారు. రెండూ ఒకదానికొకటి పడకపోతే నేను ఆగిపోతాను. కాళ్ళు కదలవు. మొండితనం కాదు." అన్నతో అన్న సరేను ఆ పిల్ల దాటడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వాళ్ళమ్మ తెలుగులోకి వచ్చేసింది. "ఏం మాట్లాడుతున్నవే? ఎవరి ముందట ఏం మాట్లాడాల్నో తెల్వదా నీకు?"

"తెల్వదమ్మా" అంది లోహిత. "అదే చెప్తున్న."

బల్ల మీది చేతిని వాళ్ళమ్మ ముందుకు జరిపింది.

"నువ్వు చెప్పిన నార్మల్ పిల్లను వీళ్ళు ఉంచుకుంటరమ్మా" అంది మళ్ళీ, అదే గొంతుతో. "కానీ రేపు పనికి రావాల్సింది నేను. అన్నయ్య తయారు చేసిన పిల్లకు గూడ ఉద్యోగం వచ్చింది. పోయింది మాత్రం నాకు. నువ్వు కట్టినవ్, నువ్వే తియ్యి."

ముడి బిగుసుకుపోయింది. గిరిజాకుమారిగారి గోళ్ళకు అందలేదు. చివరికి కూతురి చెయ్యి నోటి దగ్గరకు తీసుకుని పళ్ళతో విప్పింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు ఆ చేతి మీద పడ్డాయి. లోహిత చెయ్యి తుడుచుకుని లేచింది.

"ముందే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అంది ఫెబి.

"చెప్పొద్దన్నారు" అంది లోహిత.

"సరే, వెళ్ళి చేతులు కడుక్కో. పైవాళ్ళు ఏమంటారో నా ఒక్కదాని చేతిలో లేదు. కానీ ఇప్పుడు వాళ్ళతో మాట్లాడటానికి నా దగ్గర ఒక కారణం ఉంది."

ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం చేశారు. ఫెబి గట్టిగానే మాట్లాడిందట. నియమాలు ఎదురుపడితే ఎవరిని అడగాలో, ఎవరి మాట ఖాయమో లోహితకు ముందే చెప్పి ఉంచారు. అంతే, కొండలేమీ కదపక్కర్లేకపోయింది. ఆ కబురు విని నేను ఎగిరి గంతేశాను. లోహిత "సరే ఆంటీ" అని బియ్యం కడగడానికి వెళ్ళింది. సంతోషంగా లేదా అని వెంటపడ్డాను. "ఇప్పుడైతే ఏమనిపిస్తలేదు. తర్వాత అనిపిస్తదేమో" అంది. అందరూ ఆడించి ఆడించి అలసిపోయేలా చేసిన పిల్ల, మనం కబురు చెప్పగానే చిందులు తొక్కాలంటే ఎలా తొక్కుతుంది?

నా మనసులోంచి పోనిది మాత్రం ఆ మధ్యాహ్నం కారులో జరిగింది. లోహిత లోపలికి వెళ్ళిపోయాక మేమిద్దరం పార్కింగ్‌లో కూర్చున్నాం. చినుకులు మొదలయ్యాయి. నా దగ్గర చీవాట్లు సిద్ధంగా ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. గిరిజాకుమారిగారు ముందు అద్దం వైపే చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఒకటో తరగతిలనే టీచరమ్మ చెప్పింది వదినా. ఈ పిల్ల తీరు వేరే ఉంది, డాక్టరుకు చూపించండి అని. నేను బడి మార్పించిన."

నేను చీవాట్లు మానేసి ఆవిడ వైపు తిరిగాను.

"పెండ్లిళ్ళకు పోతే నా పక్కనే కూసోబెట్టుకునేదాన్ని. దాన్ని ఎవరేమడిగినా నేనే జవాబు చెప్పేదాన్ని. నవ్వు అని గిచ్చితే నవ్వేది. బ్యాంకులో ప్రమోషన్ ఇస్తమన్నరు, వేరే ఊరు పోవాలంటే వద్దన్న. అక్కడ దీన్ని ఎవరు కనిపెడ్తరో అని భయం. వాళ్ళ నాన్నకు గూడ తెల్వనియ్యలే."

ఏడవడం లేదు. కూతురి గొంతు ఆ తల్లికి ఎక్కడి నుంచి వచ్చిందో, అచ్చం అదే గొంతు.

"ఎవ్వరికీ తెల్వకుంట దాన్ని పెంచుడే నా పని వదినా, ఇన్నేండ్ల సంది. ఇయ్యాల అది పోయింది. ఇగ నేనేం చెయ్యాలె?"