చెయ్యి అంటే ఎక్కడిదాకా

నేను పడింది ఇప్పపూల వల్ల. ఈ మాట ఖమ్మంలో డాక్టరుకు చెబితే ఆయన నవ్వి, పూలు తొక్కి జారావా అని అడిగాడు. తొక్కి ఉంటే పడేదాన్నే కాదు. తొక్కకూడదని పక్కకు దూకాను, అందుకే పడ్డాను.

మార్చి నెలలో మా వైపు ఆడవాళ్ళు తెల్లారేసరికల్లా ఇప్పచెట్ల కింద ఉంటారు. రాలిన పూలు ఏరి, గంపలకెత్తే ముందు బాట మీద పాత చీర పరిచి కుప్ప పోస్తారు. ఎండబెట్టుకుంటే ఏడాది పొడుగునా పనికొచ్చే పూలు అవి. వాటి మీద కాలు పెట్టడమంటే అన్నం మీద కాలు పెట్టడమే. నేను రోజూ పొద్దున పరుగెత్తేది ఆ బండ్ల బాట మీదనే. ఆ రోజు మలుపు తిరిగానో లేదో, బాటకు అడ్డంగా చీర, దాని మీద లేత పసుపు రంగు పూల కుప్ప. "పువ్వు, పిల్లా, పువ్వు!" అని ఎవరో అరిచారు. నేను గాలిలో ఉండగానే పక్కకు తిరిగాను. కుడి అరచెయ్యి పోయి బండరాయి మీద ఆనింది, దాని మీద నా బరువంతా పడింది. లేచి చూసుకుంటే చెయ్యి గరిటె వంగినట్టు వంగి ఉంది. పూలకు మాత్రం ఏమీ కాలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది; మా ఊరి నుంచి ఫోను చేయాలంటే బూర్గంపాడు దాకా పోవాల్సిన రోజులు. భద్రాచలంలో ఇంటర్ ముగించి, వ్యాయామ టీచరు శిక్షణలో సీటు కోసం తయారవుతున్నాను. ఎంపిక జూన్ చివర్లో, ఖమ్మంలో. ఎనిమిది వందల మీటర్ల పరుగు ఒకటి, ఇనుప గుండు విసరడం ఒకటి, రెండింటిలోనూ గట్టెక్కాలి. పరుగు గురించి నాకు దిగులు లేదు. గుండు కోసం గోదారి ఒడ్డు నుంచి గుండ్రాయి ఒకటి తెచ్చుకుని ఇంటి వెనక విసిరేదాన్ని. చదువులో నేను అంతంతమాత్రం. పరుగెత్తే మనిషికి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో అదొక్కటే ఉందని నా నమ్మకం, అది పోతే నాకు ఇంకేదీ లేదని కూడా.

అమ్మకు నా పరుగు ఎప్పుడూ ఇష్టం లేదు. "ఉరకకు బిడ్డా, ముండ్లు గుచ్చుకుంటయ్." "ఉరకకు, పాముంటది." "ఆడపిల్ల గిట్ల రోడ్డు మీద ఉరుకుతదా, నలుగురు ఏమంటరు?" ఆమె నోటి నుంచి నేను విన్న మాటల్లో సగం ఇవే. విన్నాను అంటే చెవిన పడ్డాయని అర్థం. వింటూనే చెప్పులు విడిచి బాట ఎక్కేదాన్ని.

చెయ్యి విరిగాక మా వాళ్ళు మొదట నన్ను కట్టు కట్టే తాత దగ్గరికి తీసుకుపోయారు. ఆయన బాగుచేసిన కాళ్ళూ చేతులూ చుట్టుపక్కల ఊళ్ళ నిండా తిరుగుతున్నాయి. చిన్నప్పుడు విరిగిన నా కాలు కూడా వాటిలో ఒకటి. కోడిగుడ్డు తెల్లసొన, ఏదో ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. పదో రోజున విప్పి, బొటనవేలితో నొక్కి చూశాడు.

"బొక్కైతే కూసుంటుండె. గిది కీలు. లోపల పొడి పొడైంది. నాతోని కాదు బిడ్డా. ఖమ్మం తీస్కపోండి, జల్దీ."

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. తనకు రానిది రాదని ఒప్పుకున్నాడు.

ఖమ్మంలో మిర్చి వచ్చే కాలం. యార్డుకు పోయే బస్తాల ఘాటుకు ఊళ్ళో గాలే కారంగా ఉంది. దవాఖానా మంచం మీద పడుకుని నేను దగ్గాను, పక్క మంచం ముసలామె దగ్గింది, నర్సు దగ్గింది. దగ్గిన ప్రతిసారీ చెయ్యి నిలువునా చీలిపోతున్నట్టుండేది. వంకరగా అతుక్కోబోతున్న ఎముకను మళ్ళీ విడదీసి సరిచేయాలన్నారు. చంకలో మత్తుసూది ఇచ్చారు. పచ్చబట్ట అవతల నా చెయ్యిని ఎవరో లాగుతున్నారని తెలుస్తోంది, నొప్పి లేదు. ఆ చెయ్యి నాది కాదేమో అనిపించి మొదటిసారి ఏడ్చాను. రెండు సన్నటి ఇనుప తీగలు లోపలికి గుచ్చి, పైన పిండికట్టు వేశారు.

ఇంటికి పంపే రోజు డాక్టరు గుమ్మంలో నిలబడి అమ్మతో అన్నాడు: "కట్టు తడవనివ్వకండి. చెయ్యి కదపనివ్వకండి. ఐదు వారాలకు తీసుకురండి." కాగితం మీద ఇంకేదో కూడా రాశాడు. ఆ రాత నాకే కాదు, మందుల షాపు అతనికి కూడా సగమే అర్థమైంది.

కదపొద్దు అన్న మాటను అమ్మ దేవుడి మాటలా పట్టుకుంది. ఇంటికి రాగానే పాత చీర అంచు చింపి, కట్టులోంచి బయటికి వచ్చిన నా వేళ్ళను ఒకదానికొకటి చేర్చి గోళ్ళ దాకా చుట్టింది. మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించి ఇంకో గుడ్డతో కట్టేసింది. "గిట్ల ఉంటే ఇగ కదలదు" అంది, ఒక పెద్ద పని చక్కగా పూర్తి చేసినట్టు.

నేను ఆ ఒక్క మాట మాత్రం విన్నాను. భయపడ్డాను గనక విన్నాను. వంగిపోయిన ఆ గరిటె ఇంకా కళ్ళ ముందు ఉంది. వేళ్ళు వాటంతటవే కాస్త కదిలినా ఉలిక్కిపడేదాన్ని, లోపల తీగ పక్కకు జరిగిందేమోనని. ఊపిరి కూడా మెల్లగా తీసుకునేదాన్ని. అమ్మ అన్నం తినిపించేది, జడ వేసేది. ఏప్రిల్ ఎండకు కట్టు లోపల చెమట పట్టి, దురద పెట్టి, వాసన వచ్చేది. చీపురు పుల్ల దూర్చి గోక్కుందామన్నా అమ్మ ఊరుకునేది కాదు. వేళ్ళు ఉబ్బి పసుపు కొమ్ముల్లా అయ్యాయి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ఓదార్పు: "ఉరికేది కాళ్ళతోనే గదా, చేతికేమైతేంది?" కాళ్ళతోనే. కానీ గుండును కాళ్ళతో విసరనివ్వరు. ఎడమచేత్తో రాయి విసిరి చూశాను. అది నా కాళ్ళ దగ్గరే పడింది. పొద్దున లేవగానే బాట మీద ఎవరివో అడుగుల చప్పుడు వినిపిస్తే తలగడలో మొహం దాచుకునేదాన్ని. అసలు తెల్లవారకుండా ఉంటే బాగుండు అనిపించేది. ఇలాంటివి ఎవరితోనూ అనలేదు.

ఐదు వారాలకు ఖమ్మం పోయాం. కట్టు కోశారు. తీగలను పటకారుతో లాగారు. ఎక్స్‌రే చూసి డాక్టరు సంతోషపడ్డాడు, ఎముక బాగా కూర్చుందన్నాడు. "ఏదీ, పిడికిలి పట్టు" అన్నాడు.

పట్టమని వేళ్ళకు చెప్పాను. ఒక్కటి కూడా వినలేదు. ఎండిన చెయ్యి, చర్మం పొట్టు లేస్తున్న చెయ్యి, బల్ల మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. డాక్టరు తన వేళ్ళతో నా చూపుడువేలు వంచబోయాడు. నా కేకకు వరండాలో మనుషులు తొంగిచూశారు.

"వేళ్ళు కదపలేదా? ఐదు వారాలూ?" ఆయన గొంతు పెరిగింది.

"కదపలే సారూ. ఒక్కపారి కూడ కదపనియ్యలే" అంది అమ్మ. మెచ్చుకుంటాడనుకుంది.

"ఎవరు కదపొద్దన్నారు?"

"మీరే అంటిరి గదా, చెయ్యి కదపొద్దని. వేళ్ళు చేతివి గాక ఎవరియి సారూ?"

"నేనన్నది మణికట్టమ్మా. వేళ్ళు మొదటి రోజు నుంచీ ఆడిస్తూ ఉండాలి. కాగితంలో రాశాను కదా."

"మనికట్టంటే ఏంది?" అమ్మ నన్ను అడిగింది. 

నేను ఇంటర్ చదివాను గనక నాకు తెలుసు. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. భుజం దగ్గర మొదలైతే గోళ్ళ దాకా అంతా చెయ్యే. గాజులు తొడిగేది చేతికే, గోరింటాకు పెట్టేది చేతికే, ముల్లు గుచ్చుకునేదీ చేతికే. డాక్టరు మాటలో చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుందని మాకెవరికీ తెలియదు. మణికట్టనే మాట తెలిసిన నేను కూడా, ఎక్కడిదాకా కదపకూడదో అడగలేదు. వారానికి మూడుసార్లు ఖమ్మం వచ్చి కసరత్తు చేయించుకోమన్నాడు. అంత దూరం ఎవరు తిరుగుతారు? మా మొహాలు చూసి, ఇంట్లోనే రోజుకు వందసార్లు ముడవమని, తెరవమని చెప్పి పంపేశాడు. ఎంపికకు ఇంకా ఏడు వారాలు కూడా లేవు.

తిరుగు బస్సులో అమ్మ నా చెయ్యిని తన ఒళ్ళోకి తీసుకోబోయింది. లాక్కున్నాను.

"నా చెయ్యి ఇరగ్గొట్టింది బండ గాదు. నువ్వే" అన్నాను. 

చుట్టూ జనం ఉన్నారు, అందరూ విన్నారు. అమ్మ కిటికీ వైపు తిరిగింది. భద్రాచలంలో దిగేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు. ఆ మాటకు నాకు సిగ్గు వేయడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజు మాత్రం హాయిగా అనిపించింది.

ఆ వారమే అడవిలో తునికాకు కోత మొదలైంది. బీడీలు చుట్టే ఆకు. పొద్దున కోసుకొచ్చిన ఆకును మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, యాభై ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, గట్టిగా పట్టి నారతో కట్ట కట్టాలి. అమ్మ చెయ్యి తడబడకుండా, చూడకుండా యాభై దగ్గర ఆగేది. మూడో రోజున ఆకుల కుప్ప నా ముందు పెట్టింది. బస్సులో ఆ మాట అన్నాక నాతో మాట్లాడింది అదే మొదలు.

"వందసార్లు ముడువమన్నడు గదా. ఉత్త చెయ్యి ముడిస్తే ఏమొస్తది? ఆకు పట్టు."

ఐదు ఆకులు నా చేతిలోంచి జారి నేల మీద పరుచుకున్నాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారాయి. అప్పుడు నా వేళ్ళను ఒక్కొక్కటిగా పట్టుకుని ఆకుల చుట్టూ వంచింది. నేను అరిచాను, తిట్టాను, ఎడమచేత్తో కొట్టాను కూడా. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, వంచడం ఆపలేదు. వేడినీళ్ళలో ముంచి తీయడం, వంచడం. ఆముదం రాయడం, వంచడం. వారం తిరిగేసరికి నా పట్టులో పది ఆకులు ఆగాయి. నెలాఖరుకు ఇరవై రెండు. పొద్దున మళ్ళీ పరుగు మొదలుపెట్టాను. అమ్మ ఈసారి ఉరకకు అనలేదు. గుమ్మంలో నిలబడి చూసేది. అనకపోవడం ఎందుకో నాకు భయంగా ఉండేది.

యాభై ఆకులు పట్టిన రోజున గుండు పట్టగలను. ఈ మాట మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు. తొలకరి చినుకులు పడి ఆకు కోత ఆగిపోయేనాటికి నా లెక్క ముప్పై ఎనిమిది. అమ్మ మిగిలిన పన్నెండు ఆకులనూ నా చేతిలోకి తోయబోయింది. కట్టంతా విచ్చిపోయి నేలపాలైంది. ఇద్దరం వంగి ఏరుకున్నాం.

ఎంపిక రోజున ఖమ్మంలో ముసురు. మైదానం గేటు బయట అమ్మ నెత్తి మీద గోనెసంచి కప్పుకుని నిలబడింది. ముందు పరుగు పెట్టారు. దాని గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు, మొదట వచ్చాను. అంత తేలికగా నేను మళ్ళీ ఎప్పుడూ పరుగెత్తలేదు. తర్వాత సున్నంతో గీసిన గీత దగ్గరికి పిలిచారు. గుండు ఆ గీత దాటితే చాలు. మూడు అవకాశాలు.

మొదటిసారి గుండు మెడ దగ్గరికి ఎత్తేలోపే వేళ్ళ మధ్య నుంచి జారి వెనక పడింది. వెనక నిలబడ్డ అమ్మాయి కెవ్వుమని తప్పుకుంది. రెండోసారి విసరగలిగాను, చాలా దగ్గర్లో పడింది. మూడోసారి మణికట్టులో ఏదో పటుక్కుమంది, కళ్ళు మూసుకుని తోశాను. తెరిచేసరికి బురదలో గుండు. గీతకు జానెడు ఇవతల.

చాపిన చేతికి బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఎంతో, అదే జానెడు. నా కుడిచెయ్యి అప్పటికి అంత చాచుకునేది కూడా కాదు. టేపు పట్టుకున్న సారు నా మొహం చూడకుండానే "లేదమ్మా, తర్వాతి అమ్మాయి" అన్నాడు.

గేటు బయటికి వచ్చాను. అమ్మ నా మొహం చూసి, ముందు పరుగు సంగతి అడిగింది.

"మొదలు వచ్చిన."

"అవ్. నాకెరుకే. గుండు?"

"పడలే."

ఎంత దూరం తక్కువైందని అడిగింది. ఎడమచెయ్యి చాపి చూపించాను. ఆమె ఆ జానెడు వైపు చూస్తూ ఉండిపోయింది. వాన పెరిగింది. గోనెసంచి తీసి నా నెత్తిన వేసి, నా కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఈసారి లాక్కోలేదు. ముడుచుకుపోయిన వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పుతూ, చాలా మెల్లగా అడిగింది:

"ఉరకకు ఉరకకు అని ఇన్నేండ్లు మొత్తుకున్న, ఒక్కనాడన్న వినకపోతివి. కదపొద్దన్న గా ఒక్క మాట ఎందుకు విన్నవ్ బిడ్డా?"